పూసిన మొక్క కొనుక్కొస్తే తోటవుతుందా?

మా రోజుల్లో నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో మొక్కంటే ఇచ్చిపుచ్చుకునే సరుకు. ఒకరి పెరట్లో హెల్లెబోర్ కింద పిల్లమొక్కలు మొలిస్తే మట్టితో సహా పెళ్లగించి, ఖాళీ పెరుగు డబ్బాల్లో పెట్టి నలుగురికీ పంచేవాళ్లం. డేలిల్లీ దుంపలు, ఐరిస్ దుంపలు కూడా అలాగే చేతులు మారేవి. 2000 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో ఉన్నది 5,208 మంది. 2020 నాటికి 29,630. వచ్చినవాళ్లలో మనవాళ్లు ఎందరో! అందుకు నాకు సంతోషమే. కానీ మొక్క ఇచ్చేవాడూ లేడు, అడిగేవాడూ లేడు.

ఇప్పుడంతా కాంట్రాక్టు పని. లారీలో వస్తారు, రంగేసిన నల్ల మల్చ్ కుప్పలు పోస్తారు, శరదృతువులో పాన్సీలు గుచ్చుతారు, ఎండలు ముదరగానే పీకి పారేస్తారు. మళ్లీ కొత్తవి, మళ్లీ బిల్లు. అంత మందాన మల్చ్ కప్పితే హెల్లెబోర్ రాల్చిన గింజ ఎలా మొలుస్తుంది? మొలిచిన ఒకటీ అరా బ్లోయర్ గాలికి ఎగిరిపోతాయి.

కరివేపాకు కుండీని చలికాలమంతా గరాజులో పెట్టి బిడ్డలా సాకే ఓపిక మనవాళ్లకుంది. మరి మంచులో బయటే నిలబడి, జనవరి, ఫిబ్రవరిలో పూసే హెల్లెబోర్ మొక్కను ఎందుకు పట్టించుకోరు? పైన్ చెట్ల నీడ దానికి ఇష్టం. గన్నేరులాగే ఒళ్లంతా విషం కాబట్టి, హోస్టా మొక్కలను మొదలంటా మేసే జింకలు దీని జోలికి రావు. మనం రేకులనుకునేవి నిజానికి రక్షకపత్రాలు. అందుకే నాలుగు రోజుల్లో రాలిపోవు, వారాల తరబడి నిలుస్తాయి. వేసవిలో ఒక పువ్వును తిప్పి చూడండి, పచ్చబడిన ఆ రేకుల మధ్య ఉబ్బిన కాయలు కనిపిస్తాయి. అమెరికాలో పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ 2005లో దీన్ని ఆ ఏటి మేటి మొక్కగా ఎంచింది. ఇన్ని సుగుణాలున్నా ఇది మనవాళ్ల ఇళ్లముందు కనిపించదు. కారణం ఒక్కటే, గింజ నుంచి పువ్వు దాకా రెండు మూడేళ్లు ఆగాలి. ఆగడమే ఇప్పుడు ఎవరికీ చేతకావడం లేదు.

ఇక్కడి ఎర్ర బంకమట్టి మీద నెపం వేస్తారు. మేమూ ఆ మట్టినే తవ్వాం. పైన్ బెరడు, కుళ్లిన ఆకు కలిపి, నీరు నిలవకుండా కాస్త ఎత్తు చేస్తే చాలు, మొక్క ఏళ్ల తరబడి కదలదు. మొగ్గలు నేలలోంచి తలెత్తగానే పాత ఆకులు కోసేయాలి. దాని రసం చర్మానికి పడదు, చేతికి తొడుగులుండాలి.

నమ్మకం కుదరకపోతే ఫిబ్రవరిలో పిల్లల్ని తీసుకుని రాలీలోని జె.సి. రాల్‌స్టన్ ఆర్బొరేటమ్‌కి వెళ్లండి. 1976 నుంచీ ఉంది, టికెట్ లేదు. చూసొచ్చాక ఒక్క మొక్క నాటండి. మే, జూన్‌లలో కాయ పగలగానే ఆ గింజల్ని దాచకుండా అప్పుడే మట్టిలో వేయండి. తాజా గింజ ఆ చలికాలానికే మొలుస్తుంది, ఎండిపోయింది మొండికేస్తుంది. మొలిచినవాటిలో సగం పక్కింటివాళ్లకు ఇవ్వండి.