రావణుడి ఎయిర్‌పోర్టుకి సత్తెనపల్లి నుంచి బస్సుందా?

గ్రహణం పట్టిందంటే మా సత్తెనపల్లి వైపు ఇళ్లలో ఇత్తడి పళ్లెం, పసుపునీళ్లు, రోకలి బయటికొస్తాయి. రోకలి నిలబడితే గ్రహణం పట్టినట్టు, పడిపోతే విడిచినట్టు. చదువుకున్నవాళ్లు దీన్ని ఫోన్లో చూసి నవ్వుకుంటారు. నన్నడిగితే రోకలి నిలబెట్టిన ముసలమ్మే నయం. ఒక మాట చెప్పింది, వస్తువు తెచ్చి పదిమంది ముందు పెట్టింది. అనుమానముంటే మర్నాడు నువ్వూ నిలబెట్టి చూసుకోవచ్చు. అడుగు చదునుగా ఉన్న రోకలి గ్రహణం లేని మంగళవారం కూడా శుభ్రంగా నిలబడుతుంది. అక్కడితో సంగతి తేలిపోతుంది. తేల్చుకునే ఆ కాస్త వీలు కూడా మనకివ్వకుండా సైన్సు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల పేరుకి ముందు ప్రొఫెసర్ అని ఉంటుంది.

2019 జనవరిలో జలంధర్‌లో 106వ భారత సైన్సు కాంగ్రెస్ జరిగింది. అందులో పిల్లల కోసం పెట్టిన సభలో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ జి. నాగేశ్వరరావుగారు మాట్లాడారు. ఆయన రసాయనశాస్త్రం ఆచార్యులు. కౌరవులు మూలకణాలతో, టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో పుట్టారన్నారు. విష్ణుచక్రం గురితప్పని క్షిపణి అన్నారు. రావణుడికి 24 రకాల విమానాలున్నాయనీ, లంకలో ఎయిర్‌పోర్టులు ఉండేవనీ సెలవిచ్చారు. పరిణామం గురించి డార్విన్ కన్నా దశావతారాలే బాగా చెప్పాయట.

కౌరవుల పుట్టుక నన్నయగారి కాలం నుంచీ మనకి తెలిసిన కథే. కుంతికి కొడుకు పుట్టాడని విని గాంధారి కడుపు బాదుకుంది. పడిన పిండాన్ని వ్యాసుడు నూటొక్క నేతికుండల్లో పెట్టించాడు. కురుక్షేత్రానికి విత్తనం ఆ కడుపుమంటలోనే పడింది. అలాంటి ఘట్టాన్ని తీసుకొచ్చి సంతాన సాఫల్య కేంద్రం కరపత్రం చేశారు. సరే, సైన్సే అనుకుందాం. నెయ్యి ఆవుదా, గేదెదా? కుండ ఎంత వేడిగా ఉండాలి? నూటొక్క కుండల్లో ఒక్కటీ పులిసిపోకుండా ఏం చేశారు? పిల్లల సభ కదా, ఒక్క పిల్లాడు చెయ్యెత్తి అడిగినా ఆయన రసాయనశాస్త్రానికి కాస్త పని దొరికేది.

నిజంగానే టెస్ట్‌ట్యూబ్ శిశువుని పుట్టించిన భారతీయుడు ఒకాయన ఉన్నాడు. కలకత్తా డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ. ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయీ బ్రౌన్ పుట్టిన కొద్ది నెలలకే, 1978 అక్టోబరు 3న, ఆయన చేతిమీదుగా ఇక్కడో ఆడపిల్ల పుట్టింది. మనవాళ్లు ఆయన్ని పల్లకీలో ఊరేగించి ఉంటారనుకుంటున్నారేమో. రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు రేడియో తరంగాల భౌతికశాస్త్రవేత్త. సుభాష్ చెప్పింది నమ్మశక్యంగా లేదని కమిటీ తేల్చింది. తన పని గురించి చెప్పడానికి జపాన్ వెళతానంటే అనుమతి ఇవ్వలేదు. చివరికి కళ్ల ఆస్పత్రి సంస్థకి బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఉరి వేసుకున్నాడు. నిజంగా చేసిన మనిషికి విచారణ, కథలో చేసిన కుండకి చప్పట్లు. ఈ దేశంలో టెస్ట్‌ట్యూబ్ శిశువుని కనాలంటే నాలుగు వేల ఏళ్ల కిందట కనడమే క్షేమం.

మన వైపు చూడండి. గోరా అనే గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం లెక్చరరు. భార్య సరస్వతి గర్భిణిగా ఉండి గ్రహణం వేళ బయటికొచ్చి చూసింది, పిల్లలు చక్కగా పుట్టారు. మూఢనమ్మకాన్ని ఇంతకంటే తక్కువ ఖర్చుతో పరీక్షించినవాళ్లు లేరు. దేవుడనే భావన మీద వ్యాసం రాసినందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఆయన్ని తీసేసింది. తర్వాత బందరు హిందూ కాలేజీలోనూ నిలవనివ్వలేదు. అడిగినందుకు లెక్చరరు ఉద్యోగం ఊడింది. అడగకుండా చెప్పినందుకు వైస్ చాన్సలర్ కుర్చీ అంగుళం కదల్లేదు. మధ్యలో 86 ఏళ్లు గడిచాయి. అభివృద్ధి అంటే ఇదే కాబోలు.

విమానాల సంగతి బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌.సి. వాళ్లు 1974లోనే చూశారు. వైమానిక శాస్త్రం అని చెప్పుకునే పుస్తకం 1900 తర్వాత పుట్టిందనీ, అందులో చెప్పినవి ఎగరవనీ తేల్చారు. జ్యోతిషాన్ని విశ్వవిద్యాలయాల్లో సైన్సుగా చెప్పొద్దని హైదరాబాదు సి.సి.ఎం.బి.ని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ కోర్టుకి వెళ్లారు. 2004లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. గ్రహాలు అనుకూలించలేదు.

ఇదంతా భక్తి అంటారు కొందరు. భక్తుడికి విష్ణుచక్రం చక్రంగా ఉంటే చాలు, క్షిపణి అని సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ సర్టిఫికెట్ కావలసింది పెద్దల గుమ్మంలో వరసలో నిలబడ్డవాడికి. మా పల్నాడుకి ఈ గుమ్మాలు కొత్త కాదు. విజయపురిలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఆయన చెల్లెలు శాంతిసిరి నాగార్జునకొండ బౌద్ధ మహాచైత్యానికి దానమిచ్చింది. ఒకే ఇంటి డబ్బు రెండు వైపులా వెళ్లింది. అప్పటి పండితుడికి ఒక గుమ్మంలో పొసగకపోతే పక్క గుమ్మం ఉండేది. ఇప్పటి ఆచార్యుడికి ఒక్కటే గుమ్మం, అక్కడ ఏ మాట చెల్లుతుందో ఆయనకి బాగా తెలుసు.

ఆ గుమ్మాలతో పనిలేనివాళ్లని చూడండి. 2021లో సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప చేలల్లో నల్లతామర పురుగు పడింది. పూతలో దూరి రసం పీలిస్తే పూత పూతంతా రాలింది. కాయ మీద ఆశ వదులుకుని తోటలు పీకేసిన రైతులున్నారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు, 2015లోనే బెంగుళూరులో బొప్పాయి మీద కనిపించింది. చేలో అది పడినప్పుడు ఏ రైతూ పుష్పక విమానం కోసం ఎదురుచూడలేదు. లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు ఏమంటున్నారని అడిగాడు. నీలం జిగురు అట్టలు కట్టాడు, వేపనూనె కొట్టాడు. పనిచేసిందా లేదా అన్నది పూతే చెప్పింది. అప్పు తెచ్చి సాగుచేసేవాడికి తప్పుడు సైన్సు కొనే స్తోమతు లేదు. జీతం ఒకటో తారీఖున పడేవాళ్లకే అది అందుబాటులో ఉంటుంది.

ఈ మధ్య చేలల్లో డ్రోన్లు తిరుగుతున్నాయి. ఎకరానికి ఇంతని అద్దె పుచ్చుకుని మందు కొట్టి పోతాయి. కనక ఆ మాజీ వైస్ చాన్సలర్‌గారికి మా మనవి: ఆ 24 రకాల్లో మందు ట్యాంకు బిగించేందుకు వీలున్నది ఒక్కటి ఉంటే సత్తెనపల్లికి పంపించండి. లంక నుంచి ఇక్కడిదాకా పెట్రోలు ఖర్చు రైతులమే పెట్టుకుంటాం. పైలట్‌కి పది తలలున్నా అభ్యంతరం లేదు, భోజనం మాత్రం ఒక్కటే పెడతాం.