తాళమే భద్రత

పిల్లల చేత సైన్సు ప్రయోగాలు సురక్షితంగా చేయించడానికి చిత్తూరు, తిరుపతి జిల్లాల బడుల్లో ఎక్కువగా కనిపించే సాధనం తాళం. చవక, పైగా తుప్పు పట్టినా పనిచేస్తుంది. ప్రయోగశాల లోపల బీకర్లు, పిపెట్లు దుమ్ము కింద పదిలంగా ఉంటాయి. ప్రయోగం రికార్డు పుస్తకంలో జరుగుతుంది: బోర్డు మీది ఉద్దేశం, విధానం, ఫలితం ఎక్కించుకుని, ఎదురు పేజీలో బొమ్మ గీయాలి. పెన్సిలుతో గీసిన ఆమ్లం ఎవరి చేతిమీదా పడదు. ఇంతవరకు ఒక్క ప్రమాదమూ జరగలేదని యాజమాన్యం చెప్పుకుంటే అందులో అబద్ధమేమీ లేదు. నీళ్లు లేని బావిలో ఎవరూ మునగరు.

ముట్టుకోవడం నేరం కాని చోటూ తిరుపతిలో ఉంది. అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో 1993 నుంచి పిల్లలే మీటలు నొక్కి, చక్రాలు తిప్పి చూస్తున్నారు. బడి బస్సు అక్కడికీ వెళ్తుంది. దేన్నీ ముట్టుకోవద్దని కేకలేసే టీచరూ అందులోనే వెళ్తారు.

గ్రహణానికీ ఇదే సూత్రం. 2019 డిసెంబరు 26న తిరుపతిలో పాక్షిక సూర్యగ్రహణం కనిపించింది. ఆచారం ప్రకారం తిరుమల గుడి మూశారు. శ్రీకాళహస్తి గుడి ఆచారం ప్రకారమే తెరిచి ఉంచారు. ఇళ్లు మాత్రం తిరుమలనే అనుసరించాయి. అట్టకు సూదిబెజ్జం పొడిచి, నేలమీద పడే నెలవంకను చూస్తే కంటికి ఏ హానీ లేదు. వేపచెట్టు నీడలో అలాంటివి వందల్లో ఊరికే పడతాయి. పనికిరానిది ఎక్స్‌రే ఫిల్ము. పిల్లల్ని లోపలికి తోలి, ఆ ఫిల్ముతో మిద్దెక్కేది పెద్దవాళ్లే.

ఈ నిష్ఠకు ఏడాదికొక సడలింపు ఉంది. సి.వి.రామన్ 1928లో తన ఫలితాన్ని కనుగొన్న ఫిబ్రవరి 28ని 1987 నుంచి జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు ముఖ్య అతిథి వస్తారు కాబట్టి అగ్నిపర్వతం పేలాల్సిందే. వంటసోడాలో నిమ్మరసం పోసినా కొండ పొంగుతుంది గానీ ఫొటోలో నిప్పు పడదు. అందుకని మట్టికొండ నెత్తిన నారింజరంగు అమ్మోనియం డైక్రోమేట్ పోసి అగ్గిపుల్ల అంటిస్తారు. రవ్వలు లేస్తాయి, ఆకుపచ్చ బూడిద పొర్లుతుంది, చప్పట్లు మోగుతాయి. ఆ బూడిద క్రోమియం ఆక్సైడ్, దానితో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా కాలకుండా దుమ్మై ఎగిరే డైక్రోమేట్‌తో. అందులోని ఆరు వేలన్సీ క్రోమియం పీలిస్తే కేన్సర్ తెప్పించే రకం. ముందువరుసలో చిన్న తరగతుల పిల్లలు కూర్చుంటారు. అతిథి సోఫా కాస్త దూరంగా ఉంటుంది, చొక్కా తెల్లది మరి.

ఏర్పాట్లు లేవనడం అన్యాయం. కళ్లద్దాలు ఒక జత ఉంటాయి, ఫొటోకు వంతులవారీగా నుదుటికి ఎక్కుతాయి. ఇసుక బకెట్లో అగరుబత్తులు వెలుగుతుంటాయి. ప్రథమ చికిత్స పెట్టె తాళంచెవి డ్రిల్లు మాస్టారి జేబులో, మాస్టారు గేటు దగ్గర దండలతో. జడ ముడేసుకోవడం, వెలిగే స్పిరిట్ దీపంలో స్పిరిట్ పోయకపోవడం, ఆమ్లంలో నీళ్లు కాక నీళ్లలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలపడం: పైసా ఖర్చులేని ఈ జాగ్రత్తలు పరీక్షలో అడుగుతారు కనుక పిల్లలకు కంఠతా వచ్చు.

సభ ముగిశాక ఆ బూడిదను, అందులో మిగిలిన డైక్రోమేట్‌తో సహా, ఆయమ్మ వట్టి చేతులతో ఎత్తి కాలవలో పోస్తుంది. గోడమీది భద్రతా సూచనల చార్టు విద్యార్థులను ఉద్దేశించినది.