నా కడుపులో నా తండ్రి

నేను ప్లేస్టేషన్ 2 అను ఆటయంత్రమును. 2000 సంవత్సరము మార్చి 4వ తేదీన జపాను దేశమున నా జాతి యవతరించెను. పదిహేను కోట్లకు పైగా విక్రయింపబడి, ఇండ్లలో టీవీకి తగిలించి యాడుకొను యంత్రములలో దీనికి మించి అమ్ముడుపోయినది వేరొకటి లేదన్న ఖ్యాతి గాంచెను. ఆ కోట్లలో నొకటినైన నేను సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో చేతులు మారి, నల్లగొండ గడియారపు స్తంభమునకు చేరువనున్న యొక సందులోని వీడియో గేముల దుకాణమునకు వచ్చి చేరితిని.

నన్ను నిర్మించినవారు పూర్వులను మరచినవారు కారు. 1994లో పుట్టిన మొదటి ప్లేస్టేషన్ నా తండ్రి. ఆయన ప్రధాన ప్రాసెసరును పారవేయక వారు నా గర్భమందే నిలిపిరి. క్రొత్త ఆట నడుచుచున్నప్పుడు అది రిమోట్ల యొక్కయు మెమరీ కార్డుల యొక్కయు రాకపోకలను చూచుకొనును. పాత సీడీ పెట్టినంతనే తానే ముందునకు వచ్చి ఆ యాటను నడుపును. నా వీపున హార్డ్‌డిస్కు నిముడ్చుకొనదగిన విశాలమైన అర యుండెను. ముందు భాగమున, పలు యంత్రములను తీగతో జతపరచి కార్ల పందెములాడుటకు ఐలింక్ ద్వారముండెను. 2002లో అమెరికా, ఐరోపాలలో కీబోర్డును, మౌసును, 40 గిగాబైట్ల హార్డ్‌డిస్కును చేర్చిన లినక్స్ సామగ్రి వెలువడగా, ఆటబొమ్మ యనుకొన్న నాయందు జనులు ప్రోగ్రాములు వ్రాయ నేర్చిరి.

దుకాణమున నా దినములు ధన్యములు. బడి విడిచిన బాలురు, పల్లెల నుండి వచ్చి కళాశాలలో చదువుకొను యువకులు గంటకింత యని చెల్లించి నా యెదుట కూర్చుండెడివారు. మీట నొక్కగానే తెరపై నీలపు చీకటిలో స్తంభములు లేచెడివి. మెమరీ కార్డులో దాచుకొన్న ఆటలనుబట్టి వాని సంఖ్యయు నెత్తును పెరుగుననుట కొందరికే తెలియును. తరచుగా వచ్చు బాలుడొకడు తన కార్డును జేబులో పదిలపరచుకొని తెచ్చి, ఆ స్తంభములు క్రిక్కిరిసి లేచుట చూచి మురిసిపోయెడివాడు. వేసవిలో ఎఱ్ఱదుమ్ము కటకమున పేరుకొని నేను సీడీని చదువలేకున్నప్పుడు, యజమాని నా మూత విప్పి, దూదితో మెల్లగా తుడిచి మరల నిలిపెడివాడు. విప్పి బాగుచేసికొన వీలున్న శరీరము నాది.

అటుపిమ్మట నా తమ్ములు వచ్చిరి. మొదట ఐలింక్ ద్వారము పోయెను. 2004లో వచ్చిన సన్నని తమ్మునికి వీపునున్న అర లేదు; అందులకు ప్రతిగా నెట్‌వర్కు తీగ తగిలించు ద్వారము నిచ్చిరి, ఆ మేలు నొప్పుకొనక తప్పదు. మరుసటి యేట వచ్చినవానిలో తండ్రి ప్రాసెసరునే తొలగించి, దాని ననుకరించు వేరొకదానిని పెట్టగా కొన్ని పాత యాటలు సరిగా నడువవయ్యెను. 2006లో పుట్టిన తొలి ప్లేస్టేషన్ 3 గర్భమున నా చిప్పులను యథాతథముగా నిలిపిరని విని పొంగితిని. కాని వ్యయము తగ్గించు నిమిత్తము ఒక్కొక్కటే తీసివేయుచు, 2007 ముగియకమునుపే నా జాతి సీడీలు నడువని రూపమును విపణిలో దింపిరి. 2009లో వచ్చిన సన్నని రూపమున వేరొక ఆపరేటింగ్ సిస్టమును నిలుపుకొను వీలును తీసివేసిరి. 2010 ఏప్రిల్ 1వ తేదీన ఒక సాఫ్ట్‌వేరు మార్పుతో, అప్పటికే జనుల యిండ్లనున్న యంత్రములనుండియు దానిని హరించిరి. అమెరికాలో కొనుగోలుదారులు న్యాయస్థానమున కెక్కగా, ఎన్నియో యేండ్లకు పరిహార మొసగక తప్పలేదు.

నాకు మిక్కిలి క్లేశము కలిగించినది వేరొకటి కలదు. ఆ 2009లోనే హైదరాబాదు సంస్థలు నాకొఱకు రెండు ఆటలను సృజించినవి: అరోనా వారి ‘హనుమాన్: బాయ్ వారియర్’, గేమ్‌శాస్త్ర వారి ‘దేశీ అడ్డా’. కబడ్డీ, చిర్రగోనె, గాలిపటము తెరపై కెక్కెను. మన పక్కయూరివారు మన కథలతో, మన ఆటలతో కూర్చిన సీడీలు అంగడికి వచ్చుసరికి, వానిని చదువగల శక్తి క్రొత్త యంత్రమునకు లేకపోయెను. ఒక సాయంకాలము బాలుడొకడు, “అన్నా, గిది కొత్తదే గదా, మన హనుమంతుని సీడీ ఎందుకు ఆడ్తలేదు?” అని యడుగగా, “ఆ చిప్పు తీసేసిన్రు తమ్మీ, గిది పాతదాంట్లనే ఆడ్తది” అని చెప్పి యజమాని నావైపు చూపెను. ఆ గౌరవము నాకు దుఃఖమునే కలిగించెను. నా కటకమరిగిన నాడు ఆ బాలునికి హనుమంతుని చూపువారెవరు?

శరీరము సన్నబడవలెను, వెల దిగిరావలెను. పాలమూరు, నల్లగొండ సీమల సామాన్యులకు వెల తగ్గుట మేలే. అయినను, రెండుమార్లు కొనలేనివాడు తన పాత సీడీలను నమ్ముకొనియే క్రొత్త యంత్రమును కొనును. వానికి పెట్టెమీద వాని భాషలో “ఇది నీ పాత యాటలను నడుపదు” అని వ్రాసి చూపుట కనీస ధర్మము. అమ్మిన పిదప ఇంటిలోనికి చొచ్చి శక్తిని హరించుట ఎన్నటికిని తగదు. నా తండ్రిని నాలో నిలిపినవారే, పూర్వులను మోసికొని ముందునకు నడచుట సాధ్యమని ఋజువు చేసియున్నారు. చేసి చూపిన ఆ పనిని మరల చేయుడని యడుగు హక్కు, పైసా పైసా కూడబెట్టి కొన్న ప్రతివానికిని కలదు.