ఇంటి షట్టర్: వినకూడని ఏడు సలహాలు

ఎలమంచిలిలో ఇప్పుడు కడుతున్న ఇళ్ళలో చాలావాటికి కింద కారుకో, రెండు బళ్ళకో చోటు వదులుతున్నారు. దానికి ఇనుప షట్టరో, పక్కకి జరిపే గేటో పెడుతున్నారు. హైవే మీద ఊరు కదా, అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టులకి పోయేవాళ్ళు, అనకాపల్లికీ విశాఖకీ రోజూ వెళ్ళొచ్చేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. తెల్లారకముందే షట్టర్లు గడగడమని లేస్తాయి. గ్యారేజ్ అంటే మనకి కార్లు బాగుచేసే చోటు. ఇంట్లో బండి పెట్టుకునే గదిని షెడ్డు అనో పార్కింగ్ అనో అంటాం. పేరేదైనా, దానికి తలుపు పెట్టించే రోజున సలహా చెప్పనివాడు ఉండడు.

ఆ సలహాలన్నీ దొంగ గురించే. ఎంత మందం రేకు, ఎన్ని తాళాలు, గోడ ఎంత ఎత్తు. దొంగ వస్తాడో రాడో తెలీదు. మన పిల్లలు మాత్రం రోజూ పదిసార్లు ఆ షట్టర్ కిందనుంచే పరిగెడతారు. అందుకే నేను విన్న సలహాల్లో ఇంటిల్లిపాదికీ చేటు తెచ్చేవి ఏడు ఏరి, ఒక్కొక్కటీ ఎందుకు వినకూడదో ఇక్కడ రాస్తున్నాను. వీటిలో మొదటిది నేను పాటించినదే.

1. "సగం లేపి ఉంచండి, వంగి వెళ్ళొచ్చు"

మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఇదే అలవాటు. పొద్దున్నే షట్టర్ నడుం ఎత్తుకి లేపడం, మా ఆవిడ దాని కింద కూర్చుని వాకిలి తుడిచి ముగ్గు పెట్టడం. ఒకరోజు ఆవిడ ముగ్గుపిండి కోసం లోపలికి వెళ్ళింది. ఔటు పేలినట్టు పైన ఒక్క చప్పుడు, వెనకే షట్టర్ మొత్తం కిందికి దిగిపోయింది. గడప మీద పెట్టిన ఇనుప బకెట్ అంచు నొక్కుకుపోయి, గుండ్రంగా ఉన్న మూతి కోలగా అయిపోయింది. ఆ బకెట్‌ని ఇప్పటికీ పారేయలేదు. అంతకు నెల ముందే చూసి వెళ్ళిన పనివాడు "ఇంకో ఏడాది ఆగుతుంది, పరవాలేదు" అన్నాడు.

షట్టర్‌ని ఒంటిచేత్తో లేపేస్తాం కాబట్టి తేలిక అనుకుంటాం. లెక్క వేసి చూడండి. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు, మిల్లీమీటరుకి కాస్త మించిన మందం రేకు. పట్టీలు ఒకదానిలో ఒకటి దూరడానికి చేసిన మడతలు, కింది ప్లేటు కూడా కలిపితే ఎనభై నుంచి వంద కిలోలు తూగుతుంది. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు నాలుగు. ఆ బరువును మోసేది మన చెయ్యి కాదు, పైన షాఫ్టు మీది డబ్బాల్లో చుట్టుకుని ఉన్న స్ప్రింగులు. స్ప్రింగు తెగితే బస్తాలన్నీ ఒక్కసారి మీద పడ్డట్టే. కాబట్టి లేపితే పూర్తిగా లేపండి, లేదా పూర్తిగా దించండి. పూర్తిగా లేపినా సరే, దాని కింద కూర్చునే పని వద్దు. ముగ్గు రెండడుగులు ముందుకి జరిపి వేసుకోవచ్చు.

2. "స్ప్రింగు వదులైతే పైపు పానా పెట్టి మనమే బిగించుకోవచ్చు"

చుట్టిన స్ప్రింగులో షట్టర్ బరువంతా దాక్కుని ఉంటుంది. పానా జారితే అది గిర్రున తిరిగొచ్చి మణికట్టుకో మొహానికో తగులుతుంది. నిచ్చెన మీద ఉంటే పడిపోవడం కూడా తోడవుతుంది. ఈ పని రోజూ చేసేవాడికే వదిలేయండి. మనం చేయగలిగింది పరీక్ష. నెలకోసారి, చుట్టుపక్కల పిల్లలు లేనప్పుడు, కాళ్ళు దూరంగా పెట్టుకుని షట్టర్‌ని నడుం ఎత్తు దాకా లేపి, పట్టు కొంచెం కొంచెంగా సడలించండి. అక్కడే నిలబడినా, మెల్లగా కదిలినా స్ప్రింగు బాగున్నట్టు. చేతిలోంచి కిందికి గుంజుకుపోతుంటే ఆ రోజే మనిషిని పిలవండి. అమెరికా ఇళ్ళలో గ్యారేజీ తలుపులకి పెట్టే మామూలు స్ప్రింగుని సుమారు 10,000 సార్లు ఎత్తి దించడానికి చేస్తారు. రోజుకి నాలుగుసార్లు వాడితే ఏడేళ్ళు కూడా నిండవు. స్ప్రింగుకి ఆయుష్షు ఉందని మనకెవరూ చెప్పరు, అంతే.

3. "కీచుమంటే కాలిన ఇంజనాయిల్ పోసెయ్"

మెకానిక్ షాపులో ఊరికే దొరుకుతుంది కాబట్టి ఈ సలహా బాగా పాకింది. జిడ్డు ఆయిల్‌కి రోడ్డు దుమ్ము పట్టుకుని, గైడు ఛానల్లో బంకలా గడ్డకడుతుంది. షట్టర్ ఒక పక్క బిగుసుకుని వంకరగా లేస్తుంది. మనకి సముద్రం దగ్గర, ఉప్పుగాలి ఇనుముని ఊరికే ఉంచదు. ముందు ఛానల్‌ని గుడ్డతో శుభ్రంగా తుడవాలి, తరవాత పల్చటి నూనె కొద్దిగా రాయాలి. తుడిచేటప్పుడే ఛానల్ అడుగు జానెడు మేర, కింది ప్లేటు చూడండి. వాననీళ్ళు నిలిచేది అక్కడే, తుప్పు మొదలయ్యేదీ అక్కడే.

4. "స్లైడింగ్ గేటుకి స్టాపర్ ఎందుకు, దండగ"

ఏడింటిలోనూ నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. పక్కకి జరిపే గేటు కింద చక్రాల మీద నడుస్తుంది, పైన రెండు రోలర్ల మధ్య నిలబడుతుంది. చివర ఆపే ఇనుప ముక్క లేకపోతే, గట్టిగా తోసినప్పుడు గేటు రోలర్లు దాటి బయటికి వచ్చేస్తుంది. ఆ క్షణంలో దాన్ని పట్టుకునేది ఏదీ లేదు, నిలువునా పడిపోతుంది. గేటు తోసేది ఎవరు? బండి మీద నాన్న వచ్చాడని పరిగెత్తుకొచ్చే పిల్లాడు. గేటు మీద పడి పిల్లలు పోయిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. రెండు వైపులా స్టాపర్లు వెల్డింగ్ చేయించడం గంట పని. తెరిచినప్పుడొకటి, మూసినప్పుడొకటి, ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు వినిపించాలి. గేటెక్కి ఊగే ఆట మాత్రం మొదటిరోజే మాన్పించండి.

5. "మోటారు పెట్టించాం కదా, ఇక భయమేముంది"

చేత్తో దించేవాడు కింద ఎవరున్నారో చూస్తాడు. మోటారు చూడదు. అమెరికాలో ఈ పాఠం పిల్లల ప్రాణాలు పోయాక నేర్చుకున్నారు. 1990లో చట్టం చేసి, 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇంటి గ్యారేజీ మోటార్లన్నిటికీ అదనపు రక్షణ తప్పనిసరి చేశారు. తలుపు దేనికైనా తగిలితే వెనక్కి లేవాలి. దానికి తోడు నేలకి ఆరంగుళాల లోపు ఎదురెదురుగా రెండు కళ్ళలాంటి సెన్సర్లో, అంచున తాకితే తెలిసే పట్టీయో ఉండాలి. అక్కడ పురుళ్ళకి వెళ్ళిన మన అమ్మమ్మలు, నాన్నమ్మలు ఆ చిన్న దీపాల కళ్ళు చూసే ఉంటారు. తుడిచేటప్పుడు పక్కకి తిప్పేయకండి, మనవల కాపలా అవే. ఒకటిన్నర అంగుళం మందం చెక్కని తలుపు కింద పడుకోబెట్టి దించితే, తగలగానే పైకి లేవాలి. అక్కడ నెలకోసారి చేయమనే పరీక్ష అది.

ఇక్కడ మోటారు పెట్టించేవాళ్ళు సెన్సర్ ఖర్చు మిగుల్చుకోవద్దు. సెన్సర్ లేకపోతే, బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే దిగేలా, వదిలితే ఆగేలా పెట్టమని అడగండి. బటన్ అయిదడుగుల ఎత్తున, షట్టర్ కనిపించే చోట ఉండాలి. రిమోట్ పిల్లల చేతికి ఆటవస్తువుగా వెళ్ళకూడదు. లేస్తున్న షట్టర్‌ని పట్టుకుని వేలాడితే పట్టీల మధ్య వేళ్ళు నలుగుతాయి. ఇంకో మాట, చేత్తో తిప్పే హ్యాండిల్ లేని మోటారు వద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశామో ఈ జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. తుపాను రాత్రి బండి బయటికి తీయలేకపోతే ఆస్పత్రికి ఎలా వెళ్తాం?

6. "రాత్రి రెండు తాళాలేసి చెవులు బీరువాలో పెట్టండి"

చాలా ఇళ్ళలో పార్కింగ్ లోంచే ఇంట్లోకి దారి. అదే గదిలో ఇన్వర్టర్ బ్యాటరీ, ఇప్పుడు ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్. రాత్రి అక్కడ పొగ లేస్తే చీకట్లో బీరువా చెవి వెతికి, అందులో తాళంచెవి వెతకాలా? లోపలివైపు, షట్టర్‌కి దగ్గరలో, పెద్దలందరికీ తెలిసిన ఒక్క మేకుకి తాళంచెవి వేలాడాలి. బయటనుంచి వేలు దూరనంత లోపలికి ఉంటే చాలు. వీలైతే షట్టర్‌తో పనిలేని ఇంకో దారి ఉంచుకోండి.

7. "షట్టర్ దించి బండి స్టార్ట్ చేసుకో, దుమ్ము రాదు"

ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ముందు తలనొప్పి, మత్తు, ఆ తరవాత లేచి షట్టర్ తీసే శక్తి కూడా ఉండదు. ముందు షట్టర్ పూర్తిగా లేపాలి, బండి వెనకా ముందూ నడిచి చూడాలి, పిల్లలు ఎక్కడున్నారో పేరుపెట్టి పిలిచి తెలుసుకోవాలి, అప్పుడు తాళం తిప్పాలి. బండి బయటికి తీశాకే మిగతా పనులు.

ఇవన్నీ గుర్తుంటాయా అంటే, ఉండడానికి మనకో రోజు ఉంది. దసరాకి ప్రతి ఇంట్లో బండి కడుగుతాం, బొట్టుపెట్టి నిమ్మకాయ తొక్కిస్తాం. ఆ రోజు పొద్దున బండిని బయటికి తీశాక, ఖాళీ గదిలో నిలబడి ఒక్కసారి పైకి చూడండి. షాఫ్టు, స్ప్రింగు డబ్బాలు, ఛానళ్ళు, తాళంచెవి మేకు, గేటు స్టాపరు, అన్నీ పావుగంటలో అయిపోతాయి. బాగుచేయాల్సింది కనిపిస్తే పనివాణ్ణి మర్నాడే పిలవండి, "ఇంకో ఏడాది ఆగుతుంది" అన్నా ఒప్పుకోకండి. తరవాత బండికి పెట్టిన బొట్టు షట్టర్‌కీ పెట్టండి. ఏడాది పొడుగునా అది మోసే బరువు మన పిల్లల తలల మీద ఉంటుంది.