పొగకు షోడశోపచారాలు

పొగవాసన విస్కీకి పుట్టిల్లు స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఐలా దీవి. మొలకెత్తిన బార్లీని పీట్ పొగలో ఆరబెట్టి, పులియబెట్టి, రాగి బట్టీలో కాచి దించిన సారా ఇది. సారా అనే మాట రసజ్ఞుల చెవికి ములుకు. అయినా పులిసినదాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టేదానికి తెలుగులో ఉన్న పేరు అదే. అది ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు నిలవుంటేనే చట్టం దాన్ని స్కాచ్ అంటుంది. ఒకే డిస్టిలరీలో, మాల్ట్ బార్లీతోనే తయారైతే సింగిల్ మాల్ట్. దానికి ఏళ్లు మీరిన కొద్దీ రసజ్ఞుడు దాన్ని తాగడం మానేసి ఆరాధించడం మొదలుపెడతాడు.

పొగ వెనుక ఉన్నది వంటచెరకు కరువు. చెట్లు తక్కువైన ఆ దీవిలో కట్టెలు దొరకవు. చిత్తడి నేలల్లో నాచు, గడ్డి సగం కుళ్లి, ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకున్న పీట్ మాత్రం కావలసినంత ఉంది. దాన్ని గడ్డలుగా కోసి, ఎండబెట్టి, మండించారు. గింజకు పొగ పట్టింది. దాలిగుంటలో పిడకల సెగ మీద కాగిన పాలకూ ఇలాగే పొగ పడుతుంది. అక్కడ మాత్రం పాలు పొగచూరాయని ఇల్లాలికి చీవాట్లు తప్పవు. పాలకు దోషమైనది విస్కీకి గుణం.

ఆరాధనలో మొదటి ఉపచారం రంగు చూడటం. తులిప్ పువ్వు ఆకారపు గ్లాసును దీపానికి ఎదురుగా పట్టి, ముదురు తేనె రంగని, పాత బంగారమని అనాలి. బట్టీ నుంచి దిగిన సారాకు అసలు రంగే ఉండదు. పీపా చెక్క కొంత ఇస్తుంది. మిగతాది కావాలంటే మాడిన పంచదార రంగు కలుపుకోవచ్చని 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలే అనుమతిస్తాయి. జర్మనీలో అమ్మే సీసా మీద రంగు కలిపిన సంగతి రాయాలి. అలా రాయనక్కరలేని చోట రసజ్ఞుడు పాకం రంగును చూసి పీపా వయసు చెబుతుంటాడు.

రెండోది ముక్కు. గ్లాసులో ముక్కు దూర్చి, కళ్లు మూసి, అష్టోత్తరం అందుకోవాలి: తారు, ఉప్పుగాలి, తడిసిన తాడు, చల్లారిన నెగడు, ఆస్పత్రి వరండా, అయోడిన్, కట్టు గుడ్డ. ఈ నామావళిలో బార్లీ ఉండదు. విస్కీ అసలే ఉండదు. చిత్రమేమిటంటే, వీటిలో కల్పన కానిది ఆస్పత్రి ఒక్కటే. పీట్ పొగలో ఉండేవి ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్ వంటి పదార్థాలు. ఆ ఫినాల్‌నే కార్బాలిక్ ఆమ్లం పేరుతో జోసెఫ్ లిస్టర్ 1865లో గ్లాస్గో ఆస్పత్రిలో పుండ్లు కుళ్లకుండా వాడాడు. అమెరికాలో మద్యనిషేధం ఉన్న 1920-33 మధ్య లఫ్రోయిగ్ విస్కీ మందుగా చెల్లుబాటైందంటే ఆ వాసన పుణ్యమే. తెలుగువాడు తాగేదాన్ని మందు అని ఊరికే అనలేదు.

పొగను అంకెల్లో కొలిచే పద్ధతీ ఉంది. పది లక్షల పాళ్లలో ఫినాళ్లు ఎన్ని పాళ్లన్నది లెక్క. లఫ్రోయిగ్‌కు 40 పైన, ఆర్డ్‌బెగ్‌కు 55 దాకా చెబుతారు. బ్రూక్‌లాడీ వారి ఆక్టోమోర్ 8.3 ఏకంగా 309 దాటింది. అయితే ఈ కొలత పొగబెట్టిన మాల్ట్‌ది, సీసాలో ఉన్నదానిది కాదు. వేడినీళ్లలో నానబెట్టి, పులియబెట్టి, కాచేసరికి అందులో చాలా భాగం పోతుంది. ధాన్యం కొలిచి అన్నం ఇంత వడ్డించామని చెప్పినట్టు ఉంటుంది ఆ అంకె.

మూడో ఉపచారం నీళ్లు. ఇక్కడ శాఖాభేదాలున్నాయి. చుక్క నీరు కలపడం అపచారమని ఒక శాఖ. పీపాలో సారా బలం 60 శాతం ఉంటే, దాన్ని 40కి తెచ్చేందుకు కంపెనీయే బిందెలతో నీళ్లు పోసిందని ఈ శాఖ తలచుకోదు. రెండో శాఖ ఉద్ధరిణెతో ఆచమనం చేసినట్టు రెండు చుక్కలు వేస్తుంది. ఈ తంతు మొత్తంలో శాస్త్రం వెనకేసుకొచ్చేది దీన్నే. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాలతో చూపిందేమంటే, నీళ్లు చేరి ఆల్కహాలు పలచబడితే పొగవాసననిచ్చే గ్వాయకాల్ ద్రవం పైపొరకు చేరుకుంటుంది.

అసలు మహత్యం వయసుది. పీపాలో ఏళ్లు గడిచే కొద్దీ పొగ పదును తగ్గుతుంది. కాబట్టి పొగ కోసం ఐలా సరుకు ఎంచుకుని, వయసు కోసం 25 ఏళ్లది కొనేవాడు నేతిబీరకాయలో నెయ్యి కోసం బీరకాయకు నెయ్యి ధర పెట్టినట్టే. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దీన్ని దేవదూతల వాటా అంటారు. పాతికేళ్లలో దాదాపు 40 శాతం దూతల పాలే. ఆ మాయమైన సరుకు ధర కూడా కొనేవాడే కట్టాలి. బెంగళూరు ఎండకు అమృత్ కంపెనీ పీపాల్లో ఏటా 10 శాతం పైనే పోతుంది. అందుకే అక్కడ ఎనిమిదేళ్లు నిలిచిన విస్కీకి ఆ కంపెనీ అత్యాశ దూతలని అర్థం వచ్చే పేరే పెట్టింది. ఇక సీసాలోకి దిగాక వయసు ఆగిపోతుంది. అమెరికా బావగారు డ్యూటీ ఫ్రీలో తెచ్చిన 12 ఏళ్ల సీసా అద్దాల బీరువాలో 20 ఏళ్లున్నా 12 ఏళ్లదే.

ఈ విద్యకు వార్షిక పరీక్షలేమీ లేవు గానీ 2017లో ఒకటి తనంతట తాను జరిగింది. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటల్లో 1878 నాటి మెకాలన్ అన్న సీసా నుంచి ఒక పెగ్గు 9,999 స్విస్ ఫ్రాంకులకు అమ్ముడైంది. తాగినవారికి అనుమానం రాలేదు. పత్రికల్లో సీసా ఫొటో చూసినవారికి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో కార్బన్ పరీక్ష చేయిస్తే అది 1970-72 మధ్య సరుకని, దాదాపు ఖాయంగా తేలింది. మరో ప్రయోగశాల పరీక్షలో అది మాల్ట్ 60, ఇతర ధాన్యపు సారా 40 పాళ్లు కలిపిన బ్లెండ్ అని తేలింది. మరుసటి ఏడు స్కాట్లాండ్‌లోనే ఒక పరిశోధన కేంద్రం 55 అరుదైన సీసాలను పరీక్షిస్తే 21 నకిలీవో, లేబుల్ మీది సంవత్సరానికి చెందనివో అయ్యాయి. సెయింట్ మోరిట్జ్ హోటల్ వారు పెగ్గు డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చేశారు.