ఇంపాలాకు పదమూడు గజాలు

ఉప్పల్‌లో అరవై దాటిన మగవాడికి లోకం మూడు కోరికల వరకు అనుమతిస్తుంది: కాశీయాత్ర, మోకాళ్లకు కొత్త తైలం, ఘట్‌కేసర్ అవతల ఓ ప్లాటు. నాలుగోది పుడితే పిల్లలు డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకుంటారు. నాకు నాలుగోది పుట్టింది. ఇంపాలా కారు కొనాలని.

మా ఈడువాళ్లకు ఇంపాలా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పాత సినిమాల్లో ఒకడు ఎంత డబ్బున్నవాడో చెప్పడానికి డైలాగు రాసేవారు కాదు; మేడ ముందు ఓ పొడుగాటి అమెరికా కారు ఆపేవారు. బానెట్టు తెరమీదికొచ్చాక డిక్కీ వచ్చేలోపల నేల క్లాసులో ఒక బీడీ ముట్టించుకోవచ్చు. ఆ నేల క్లాసు నుంచే నేను కార్లను చూడటం మొదలుపెట్టాను. అందుకే నా దృష్టిలో కారుకు ఉండాల్సిన మొదటి లక్షణం మైలేజీ కాదు, పొడవు.

ఉప్పల్ భగాయత్‌లో పొద్దున్నే నడిచే మా బ్యాచ్‌లో ఒకాయన చక్కెర లేని టీ తాగుతూ, చక్కెర కన్నా ప్రమాదకరమైన మాట చెప్పాడు: "పాత నాచారంల ఒక పెద్దాయన దగ్గర 1960 ఇంపాలా ఉందట. అమ్ముతడట."

చూడటానికి పైసా ఖర్చు లేదు కదా అని వెళ్లాను. పారిశ్రామికవాడ ఇనుప చప్పుళ్లు దాటి ఊళ్లోకి మళ్లితే, అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న పెంకుటిల్లు, వాకిట్లో వేపచెట్టు, పక్కన రేకుల షెడ్డు. పెద్దాయన టార్పాలిన్ లాగడం మొదలుపెట్టాడు. లాగుతున్నాడు, లాగుతున్నాడు, కారు అయిపోవడం లేదు. ఆకాశనీలం ఒళ్లు, తెల్లటి కప్పు, రెండువైపులా గద్ద రెక్కలు చాచినట్టున్న వెనక భాగం, అటు మూడు, ఇటు మూడు గుండ్రటి ఎర్రదీపాలు. ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కటే. ముగ్గురు కూర్చుని, రాని నాలుగోవాడి గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

"కూసోండ్రి" అన్నాడు. కూర్చున్నాను. నేను దిగాను గానీ నా ఇంగితం ఆ సీట్లోనే ఉండిపోయింది.

ఇంత పొడుగు కారు నాచారం దాకా ఎలా వచ్చిందో పెద్దాయన చెప్పుకొచ్చాడు. జనరల్ మోటార్స్ వాళ్లు 1928లోనే బొంబాయి సేవ్‌రీలో కార్ఖానా పెట్టి షెవర్లేలు బిగించి అమ్మారు. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం, ఇక్కడే తయారు చేస్తానంటే ఉండండి, విడిభాగాలు తెచ్చి బిగిస్తామంటే కుదరదు అనేసరికి 1954లో తలుపులు మూశారు. ఇంపాలా పుట్టిందే 1958లో. అంటే ఆమె పుట్టేసరికి ఇక్కడ పుట్టిల్లూ లేదు, మెట్టినిల్లూ లేదు. రాయబార కార్యాలయాలవాళ్లు వెంట తెచ్చుకున్న కార్లు, వాళ్లు వెళ్లిపోయేటప్పుడు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతికొచ్చేవి. అది వేలం వేసేది. సినిమావాళ్లూ కాంట్రాక్టర్లూ పాడుకునేవారు. "మా నాయన కాంట్రాక్టరు. ఢిల్లీకి పోయి పాట పాడిండు. ఇంటికొచ్చినంక మా అమ్మ పాడింది" అన్నాడు పెద్దాయన.

ఆ రాత్రి డల్లాస్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేశాను, గొప్పగానే. వాడు నవ్వాడు. "బావా, ఇంపాలా ఇక్కడ లగ్జరీ ఏంటి? మిడిల్‌క్లాస్ కారు. 1965లో ఒక్క ఏడాదిలోనే పది లక్షల పైన అమ్మారు. ట్యాక్సీవాళ్లూ పోలీసులూ నడిపేవాళ్లు. లగ్జరీ అంటే కాడిలాక్, లింకన్." అంతటితో ఆగకుండా 1970ల నాటి లింకన్ కాంటినెంటల్ ఫోటోలు పంపాడు. పొడవు పంతొమ్మిది అడుగులు దాటుతుందట. ఇంజను ఏడున్నర లీటర్లట. కాడిలాక్ కంపెనీనీ లింకన్ కంపెనీనీ పెట్టింది ఒకే మనిషట, హెన్రీ లీలాండ్. ఆ రెండో కంపెనీని 1922లో ఫోర్డుకు అమ్ముకోవాల్సి వచ్చిందట. మా ఊళ్లో ఒకే మనిషి రెండు చిట్‌ఫండ్‌లు పెట్టినప్పుడు కూడా కథ ఇలాగే నడిచింది గనక నాకు ఆశ్చర్యం వేయలేదు.

బావమరిది మాటకు నా ఉత్సాహం తగ్గాలి. తగ్గలేదు. అమెరికా గుమస్తా ఆఫీసుకు వెళ్లిన కారు హైదరాబాదులో జమీందారు కారు అయ్యిందంటే, ఆ హోదా కారుది కాదు, అది దాటొచ్చిన సముద్రానిది. మన పిల్లలకు అటువైపు దాటినప్పుడు వచ్చినట్టే దీనికి ఇటువైపు దాటినప్పుడు వచ్చింది.

నాచారంలో నాకు తెలిసిన మెకానిక్ ఉస్తాద్‌ను తీసుకెళ్లి చూపించాను. ఆయన బానెట్టు ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, గుడిలో నిలబడినంత సేపు నిలబడ్డాడు. "వీ ఎయిట్. నాలుగున్నర లీటర్లు దాటుతది. మస్తుంది సార్" అన్నాడు. స్పేర్‌పార్టుల సంగతేమిటని అడిగాను. "దొరికితే తెప్పిద్దాం. దొరకకుంటే లేత్ మిషన్ మీద కొట్టిద్దాం. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి తిరిగితే రాకెట్‌కు కూడా బుష్ చేసిస్తరు." ఇక ఏం భయం అనుకుంటుండగా పెట్రోలు మూత తీసి వాసన చూశాడు. "గానీ సార్, ఈ బండి పుట్టినప్పుడు పెట్రోల్ల పెట్రోలే ఉండె. ఇప్పుడు నూటికి ఇరవై వంతులు ఇథనాల్. పాత రబ్బరు పైపులు, వాషర్లు తింటది. అన్నీ మార్చాలె." లీటరుకు ఎంత ఇస్తుందని అడిగితే పెద్దాయన, ఉస్తాద్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఐదు అన్నారు. లీటరు నూట ఏడు దాటిన ఊళ్లో, ఉప్పల్ నుంచి నాచారం వచ్చి టీ తాగి వెళితే ఆ టీ రెండు వందల యాభై పడుతుంది.

స్టీరింగు ఎడమవైపు. రాయబారుల కారు కదా. ముందు లారీ ఉంటే దాటొచ్చో లేదో ఎడమవైపు కూర్చున్న నాకు కనపడదు. కుడివైపు కూర్చున్న మా ఆవిడ చూసి చెప్పాలి. ఇంట్లో ఎలాగూ అమల్లో ఉన్న పద్ధతే కాబట్టి దీన్ని లోపంగా లెక్కపెట్టలేదు. పైగా ఫుట్‌పాత్ మీది మిర్చిబజ్జీ బండి నేరుగా నా కిటికీ దగ్గరికే వస్తుంది.

దారి కూడా మనసులో గీసుకున్నాను. ఉప్పల్ రింగురోడ్డు నుంచి బయల్దేరి, మెట్రో నీడలో సర్వే ఆఫ్ ఇండియా దాటి, ఎన్‌జీఆర్‌ఐ ముందు కొంచెం నెమ్మదించి (లోపల భూకంపాలు నమోదు చేస్తారు, మన ఇంజను చప్పుడుకు వాళ్లు కంగారు పడకూడదు), హబ్సిగూడలో కుడికి తిరిగితే నాచారం. నారపల్లి వైపు మాత్రం వద్దనుకున్నాను. అటు 2018లో మొదలుపెట్టిన ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ ఏళ్ల తరబడి స్తంభాలుగానే నిలబడింది. దాని కింది గుంతల్లో టన్నున్నర దాటిన బరువును, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న బండిని దించితే, పైకి తీయడానికి ఆ స్తంభాలే వాడుకోవాలి.

తరవాత చట్టం చదివాను. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు కేంద్రం 2021లో కొత్త నిబంధనలు తెచ్చింది. వింటేజ్ కింద కొత్తగా రిజిస్టరు చేయిస్తే ఇరవై వేల రూపాయల ఫీజు, పదేళ్ల గడువు, నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు. అంతవరకు దర్జాగానే ఉంది. ఆ తరవాతి ముక్కే అసలు ముక్క: అలా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, పాత కార్ల ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రం తిప్పవచ్చు.

మా ఆవిడకు చదివి వినిపించాను. "అంటే పెట్రోలు బంకుకు పోవచ్చు, మెకానిక్ దగ్గరికి పోవచ్చు. ఇప్పుడున్న మన బండీ ఆ రెండు చోట్లకే పోతోంది కదా" అంది. కాసేపాగి, "రామంతాపూర్‌లో మా అన్నయ్య మనవరాలి బారసాల ఉంది. దానికి ర్యాలీ పెట్టిస్తారా, సాంకేతిక పరిశోధన కింద పోదామా?" అని కూడా అడిగింది.

ఆమెను ఒప్పించడానికి చరిత్ర తవ్వాను. మన నాచారంలోనే ఎన్టీఆర్ కుటుంబం వారి రామకృష్ణ స్టూడియో ఉంది. ఆ ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి ఊరూరా తిరిగిన చైతన్యరథం ఏమిటి? పాత షెవర్లే వ్యాను! కొడుకు హరికృష్ణ నడిపితే, పైకెక్కి మాట్లాడుతూ తొమ్మిది నెలలు తిరిగి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాడు. "షెవర్లే ఎక్కితే అంత మహర్దశ. నేను కనీసం అపార్ట్‌మెంటు అసోసియేషన్ సెక్రటరీని కాకపోతానా?" అన్నాను.

మా ఆవిడ ముప్పై ఏళ్లకు పైగా సోషల్ పాఠాలు చెప్పిన మనిషి. చరిత్రతో ఆమె దగ్గరికి వెళ్లకూడదు. "లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధాని అయ్యాక వాకిట్లో ప్రభుత్వం ఇచ్చిన ఇంపాలా ఉండేది. ఆయన సొంతానికి కొనుక్కున్నది ఫియట్. పన్నెండు వేలు. చేతిలో ఏడు వేలే ఉంటే పంజాబ్ నేషనల్ బ్యాంకులో ఐదు వేలు లోను తీసుకున్నారు" అంది. నేను, ఎంత నిరాడంబరుడు అని తల ఊపాను. "ఆ లోను తీరకుండానే తాష్కెంట్‌లో పోయారు. తరవాత ఎవరు కట్టారో తెలుసా? లలితా శాస్త్రి గారు, ఫ్యామిలీ పెన్షన్‌లోంచి." ఆ తరవాత ఆమె ఏమీ అనలేదు. నా బీపీ మాత్ర, మంచినీళ్లు తెచ్చి పెట్టింది.

అయినా నేను వెనక్కి తగ్గలేదు. తగ్గించింది టేపు. ఇంపాలా పొడవు పదిహేడున్నర అడుగులు, వెడల్పు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. మా అపార్ట్‌మెంటులో నాకు రాసిచ్చిన పార్కింగ్ పదిహేను అడుగులు. మిగతా రెండున్నర అడుగులు వాచ్‌మన్ మంచం మీదికి వస్తుంది. సెక్రటరీ వచ్చి కొలిచి, "ఆ రెండున్నర అడుగులకు మెయింటెనెన్స్ ఎవరు కడతరు సార్?" అన్నాడు. గల్లీలో పెడదామంటే, స్టేడియంలో ఐపీఎల్ మ్యాచి ఉన్న రోజు స్కూటరు తీస్తేనే దాని జాగా మళ్లీ మనది కాదు. ఈ కారు లేచిన జాగాలో మూడు ఆటోలూ ఒక చెరకురసం బండీ వెలుస్తాయి.

అప్పుడు లెక్క వేశాను. కారు ఆక్రమించేది పదమూడు గజాలు. తలుపులు తెరవాలి, మనిషి చుట్టూ తిరిగి తుడవాలి అంటే పాతిక గజాలు. మా గల్లీలో గజం ఎంత చెబుతున్నారో రాసి పాఠకులను బాధపెట్టను గానీ, ఆ పాతిక గజాల ఖరీదులో పెద్దాయన అడిగిన ధర ఓ మూలకు సరిపోదు. అమెరికావాళ్లు ఈ కారును నేల చవగ్గా, రోడ్డు అంతులేకుండా ఉన్న రోజుల్లో గీశారు. మేము ఉప్పల్‌లో నేలను అంగుళాల్లో గీస్తున్నాం. ఇక్కడ విలాసమంటే ఇంపాలా ఉండటం కాదు, ఇంపాలా పట్టేంత ఖాళీ ఉండటం.

ఇక చెప్పేద్దామని నాచారం వెళ్లాను. షెడ్డులో పెద్దాయన కారు తుడుస్తున్నాడు. "జాగా లేదండీ, కొనలేను" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించి, "మెల్లగ చెప్పుండ్రి. పిలగాండ్లు ఇంట్లున్నరు" అన్నాడు.

సంగతి ఏమిటంటే, కొడుకులిద్దరూ ఈ స్థలం బిల్డర్‌కు ఇద్దామంటున్నారు. ఐదంతస్తులు లేస్తుందట. వద్దనడానికి ఈయనకు కారణం చెప్పడం రావట్లేదు. వేపచెట్టు కారణం కాదట, గాలి కారణం కాదట. అందుకని, "ముందు కారు అమ్ముడుపోనీ, షెడ్డు ఖాళీ కాంగనే సంతకం పెడతా" అని మాటిచ్చాడు. అప్పటినుంచి కారు అమ్ముతూనే ఉన్నాడు. ఎవరైనా అడిగిన ధరకు ఒప్పుకుంటే ధర పెంచుతాడు. పెంచిన ధరకూ ఒప్పుకున్న సినిమా ఆయనొకరు వస్తే ముహూర్తం బాగాలేదని పంపించాడట. ఇన్నాళ్లూ నేను ఆ కారుకు జాగా వెతుకుతున్నాను. నాచారంలో ఆ కారే నాలుగు వందల గజాల జాగాను కాపాడుతోంది.

"మీరు కొననని ఒక్కపారే చెప్పకుండ్రి. ఆలోచిస్తున్న అనుండ్రి. మీ అసొంటి బేరగాడు దొరకడు: ఇష్టముంది, పైసలు లేవు, జాగా లేదు" అన్నాడు. నా ఆర్థిక స్థితిని ఇంత గౌరవంగా ఇదివరకు ఎవరూ వర్ణించలేదు.

గుమ్మంలో పెద్దకొడుకు ఎదురై, "అంకుల్, బేరం ఎందాక వచ్చింది?" అని అడిగాడు. "స్టీరింగు ఎడమవైపుంది బాబూ. మా ఆవిడతో మాట్లాడి చెబుతా" అన్నాను. అతను పళ్లు నూరుకున్నాడు. పెద్దాయన మాత్రం గేటు దాకా వచ్చి, సంక్రాంతికి మళ్లీ బేరానికి రమ్మన్నాడు, సకినాలు చేయిస్తాడట.