కారుతోంది, అందుకే రాలేను

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, అంటే టార్నిట్, ట్రుగనీనా, మేనర్ లేక్స్ వైపు, శనివారం మధ్యాహ్నం ఖాళీగా దొరికే తెలుగువాడు లేడు. గృహప్రవేశమో, ఉయ్యాల ఫంక్షనో, ఓణీల వేడుకో, ఏదో ఒకటి ఉంటుంది. ఎగ్గొట్టడానికి జ్వరం ఒకసారి పనికొస్తుంది. ఆఫీసులో రిలీజ్ ఉందంటే రెండోసారి గడుస్తుంది. పాత డీజిల్ ట్రక్కు ఉంటే మాత్రం ఏళ్ళ తరబడి ఢోకా లేదు. మా ఆవిడ ఈ పత్రిక చదవదన్న ధైర్యంతో ఈ మాట రాస్తున్నాను.

ఇక్కడ ఇలాంటి ట్రక్కుని యూట్ అంటారు. ముందు మనుషులు, వెనక సామాను. మాకు గంట దూరం కూడా లేని జీలాంగ్‌లో 1934లో ఫోర్డ్ కంపెనీ డిజైనరు లూ బ్యాండ్ట్ దీనికి రూపం ఇచ్చాడు. ఆదివారం చర్చికి, సోమవారం పందుల్ని సంతకి తీసుకెళ్ళేలా ఒకే బండి చేసిపెట్టమని గిప్స్‌లాండ్ నుంచి ఒక రైతు భార్య ఉత్తరం రాసిందని చెప్పుకుంటారు. భార్య అడిగితే పుట్టిన బండిని భార్యకి చెప్పకుండా కొన్న ఘనత నాది.

మాది తొంభైల నాటి బండి. ఎండాకాలంలో రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ తగ్గడం మొదలైంది. తగ్గిన కూలెంట్ ఎటు పోతోందో తెలీదు. డ్రైవ్‌వే పొడిగా ఉంది. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కనుక, ఇంటి దగ్గర అంతా బాగానే ఉందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. బ్యాకస్ మార్ష్ దాటి పెంట్‌లాండ్ హిల్స్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు నా సర్టిఫికెట్‌ని చించేసింది. కిటికీ దించి, నలభై డిగ్రీల ఎండలో హీటర్ పెట్టుకుని బాలరాట్ దాకా వెళ్ళాం. ఇంజన్ వేడిని కొంత క్యాబిన్‌లోకి లాగడానికి హీటర్ పనికొస్తుంది. ఆ సంగతి వివరిస్తుంటే మా ఆవిడ నా వైపు చూడలేదు.

ఆ రాత్రి మామగారికి వీడియో కాల్ చేశాం. ఆయన విజయవాడ ఆటోనగర్ చుట్టూ తిరుగుతూ లారీలతో బతికిన మనిషి. "రెండు చెంచాల పసుపు వేసెయ్యండి బాబూ, మేం నాగపూర్ దాకా అలాగే లాగించేవాళ్ళం" అన్నారు. అది ఉత్త మాటేం కాదు. మెత్తటి పొడి నీళ్ళతోపాటు తిరిగి సన్నటి పగుల్లో ఇరుక్కుని కారడం ఆపుతుంది. కాకపోతే రేడియేటర్ లోపలి సన్నటి గొట్టాల్లోనూ, హీటర్‌లోనూ అలాగే ఇరుక్కుంటుంది. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి పసుపు డబ్బా దాని చోట లేదు. దుగ్గిరాల పసుపు, వాళ్ళమ్మ దగ్గరుండి పట్టించి పంపింది. బండికి పొయ్యడానికి కాదట.

చివరికి ప్రెషర్ టెస్టర్ కొన్నాను. సైకిల్ పంపుకి డయల్ తగిలించినట్టుంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, ఆ స్థానంలో దీన్ని బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా గాలి కొట్టాలి. మా మూత మీద 0.9 అని ఉంది, అంటే దాదాపు 13 పీఎస్ఐ. ఆ ఒత్తిడి ఉన్నంతసేపు మామూలు నీళ్ళు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. ఒత్తిడి జారిపోయిందో, కొండ మధ్యలో కుతకుతే. ఇంటి దగ్గర చుక్క కనపడకపోవడానికి కారణం కూడా అదే: వేడెక్కి ఒత్తిడి పెరిగాకే కారుతోంది, కారింది కారినట్టు వేడి ఇనుము మీద ఎండిపోతోంది.

పంపు మా ఆవిడ కొట్టింది. నేను అట్టముక్క పరుచుకుని కింద దూరాను. పైనుంచి "పడిపోతోందండీ ముల్లు" అని కేక. వాటర్ పంపు కింద గుండుసూది తలకాయంత కన్నం, దాని చుట్టూ గులాబీ రంగు పొక్కు. చూస్తుండగా దాని అంచున ఒక చుక్క ఊరి, లావై, నా కళ్ళద్దం మీద పడింది. ఆ కన్నం కంపెనీవాళ్ళు కావాలని పెట్టిందే. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా బయటికి వచ్చి చెబుతుంది. నేను ఎం-సీల్ ముద్ద కలిపి సిద్ధంగా పెట్టుకున్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

పంపు మార్చడం పెద్ద విద్యేం కాదు, నడుము నొప్పంతే. పాత గ్యాస్కెట్‌ని గీకి వదిలించడంలోనే సగం రోజు పోయింది. పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చస్తాయి. అందుకని ఒక్క చుక్క నేలపాలు కాకుండా ట్రేలో పట్టాను. కొత్తది పోసి, హీటర్ వేడి మీద పెట్టి, బండి మూతి ఎత్తుగా ఉంచి, బుడగలు ఆగేదాకా ఇంజన్ తిప్పాను. కారడం ఆగిపోయింది.

ఆగిపోయిందని ఎవరికీ చెప్పలేదు. "లోపల ఇంకా గాలి ఉంది, తియ్యాలి" అని ప్రతి శనివారం కిందికి దూరుతూ వచ్చాను. ఫోన్‌లో ఘంటసాల పాటలు, చేతిలో స్పానరు, బయటికి రెండు కాళ్ళు. వీధిలో పోయే మనవాళ్ళు ఆ కాళ్ళనే పలకరించి వెళ్తారు. "పాపం, ఇంకా కారుతోందా అన్నయ్యా?" అంటే మూలుగుతాను.

మొన్న శనివారం పట్టుచీర కొంగు దోపుకుని మా ఆవిడ బానెట్ ఎత్తింది. మూత తీసింది, టెస్టర్ బిగించింది, 13 దాకా కొట్టింది. తర్వాత చప్పుడు లేదు. నేను కింద పాట ఆపాను.

"పది నిమిషాలయిందండీ. ముల్లు కదల్లేదు. లాల్చీ మంచం మీద పెట్టాను. రాక్‌బ్యాంక్‌లో భోజనాలకి బిర్యానీ గిన్నెలు మన బండిలోనే తెస్తామని పోయిన వారమే మాటిచ్చాను, వెనక ఆ సామానంతా తీసెయ్యండి."